రాష్ట్రపతి యుత్తరువు మన బడివరకు వచ్చిన త్రోవ

మన పాఠశాలలో పౌరశాస్త్రము చదువు విద్యార్థులు రాష్ట్రపతి యధికారములను తడబడక యప్పగింపగలరు. పార్లమెంటు చేసిన బిల్లులకు సమ్మతి నొసగుట, త్రివిధ దళములకు సర్వాధిపతిగా నుండుట, శిక్షపడినవారిని క్షమించుట, ఆర్డినెన్సులు జారీచేయుట, అత్యవసర పరిస్థితిని ప్రకటించుట అనునవి వారికి కంఠస్థములు. అయితే ఢిల్లీలోని యా యధికారమునకును, పోచంపాడు ప్రాజెక్టు చెంతనున్న మన మెండోరకును సంబంధమేమని యడిగినచో తరగతి నిశ్శబ్దమగును. తల్లిదండ్రులలోను పలువురు అది పెద్దల మాట, మనకెందుకని యూరకుందురు.

ఈ వ్యాసమునందు మేము రాష్ట్రపతి పేర వెలువడిన యొక్క యుత్తరువును మాత్రము గైకొని, అది యెందుకు పుట్టెనో, ఏ చేతులు మారి మన జిల్లాకు వచ్చెనో, మన బడి రిజిస్టరులోని యొక పంక్తితో నెట్లు ముడిపడెనో వివరింపగోరుచున్నాము. ఈ త్రోవ తెలిసినవారికి రాష్ట్రపతి యధికార మెట్టిదో, ప్రభుత్వోద్యోగ వ్యవస్థ యెట్లు పనిచేయునో వేరుగా చెప్ప నక్కరలేదు.

1. పేరు రాష్ట్రపతిది, ఆలోచన మంత్రులది

భారత రాజ్యాంగము 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చెను. కేంద్రప్రభుత్వపు కార్యనిర్వాహకాధికారము రాష్ట్రపతియం దుండునని దాని 53వ అధికరణము చెప్పుచున్నది. ఈ యొక్క వాక్యమును చదివి నిలిచినవారు రాష్ట్రపతి పూర్వపు చక్రవర్తివంటివాడని తలంతురు. వారు 74వ అధికరణమును గూడ చదువవలెను. ప్రధానమంత్రి నాయకత్వమున నొక మంత్రివర్గ ముండవలెననియు, దాని సలహా ననుసరించి రాష్ట్రపతి నడచుకొనవలెననియు అందు గలదు. 1976వ సంవత్సరపు 42వ సవరణచే నీ మాట స్పష్టము చేయబడెను. 1978వ సంవత్సరపు 44వ సవరణచే, రాష్ట్రపతి యొక సలహాను పునరాలోచనకై యొకసారి త్రిప్పి పంపవచ్చునని చేర్చబడెను. మరల నదే సలహా వచ్చినచో దాని ననుసరింపక తప్పదు.

ఇక 77వ అధికరణము ప్రకారము కేంద్రప్రభుత్వపు పనులన్నియు రాష్ట్రపతి పేరనే జరుగవలెను. అందుచేతనే ఉత్తరువు చివర రాష్ట్రపతి యాజ్ఞానుసారముగా అను మాట యుండి, దాని క్రింద నొక కార్యదర్శియో సంయుక్త కార్యదర్శియో చేవ్రాలు చేయును. ఏ పని యే శాఖకు చెందునో 1961లో రాష్ట్రపతి పేర జారీయైన కార్యవిభజన నియమములు నిర్ణయించుచున్నవి.

ఒక కాగితము సాధారణముగా శాఖలోని సహాయకుని బల్లమీద పుట్టును. సెక్షను అధికారి పూర్వపు నియమములను చూచి తన యభిప్రాయమును వ్రాయును. అది యొక్కొక్క మెట్టెక్కి కార్యదర్శిని, పిదప మంత్రిని చేరును. ధనవ్యయ మున్నచో ఆర్థికశాఖవారును, చట్టపు చిక్కున్నచో న్యాయశాఖవారును చూతురు. పెద్ద విషయమైనచో మంత్రివర్గ మాలోచించును. ప్రతి మెట్టునందును వ్రాసినవాని పేరును తేదీయు నుండును. జనులు ఫైలు కదలలేదని విసుగుకొనుటయు గలదు; ఆ విసుగు పలుమారులు న్యాయమైనదే. అయినను, ఎవడు ఏమి చెప్పెనో, ఎవడు త్రోసివేసెనో తరువాత విచారించుటకు ఆ ఫైలే సాక్ష్యమని మరువరాదు.

2. మన కండ్లెదుట నున్న మూడు విధముల యుద్యోగులు

మనకు ఉత్తరములు తెచ్చు పోస్టుమాను కేంద్రప్రభుత్వోద్యోగి. రైలు నడుపువారును, ఆదాయపు పన్ను వసూలు చేయువారును అట్టివారే. పసుపు పండించు మన రైతులకై 2023 అక్టోబరులో కేంద్రము ప్రకటించి, 2025 జనవరి 14వ తేదీన ప్రారంభించిన జాతీయ పసుపు బోర్డు నిజామాబాదునందే ప్రధాన కార్యాలయమును గలిగియున్నది. అదియు కేంద్రశాఖ క్రింది సంస్థయే.

మండల కార్యాలయములోని తహసీల్దారు, ప్రభుత్వ పాఠశాలలోని ఉపాధ్యాయుడు, పోలీసు కానిస్టేబులు రాష్ట్రప్రభుత్వోద్యోగులు. వీరి నియామకములు గవర్నరు పేర నడచు ప్రభుత్వమునకు సంబంధించినవి.

మూడవ విధము అఖిల భారత సర్వీసులు. జిల్లా కలెక్టరు సాధారణముగా నట్టివాడు. కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషను పరీక్షలో నెగ్గినవానిని రాష్ట్రపతి పేర నియమింతురు. కాని అతనిని ఏ జిల్లాకు పంపవలెనో రాష్ట్రప్రభుత్వము చెప్పును. ఇద్దరు యజమానుల నడుమ నున్న యీ యధికారి యిద్దరికిని జవాబుదారి.

వీరందరికిని రాజ్యాంగమున రెండు మాటలు గలవు. 310వ అధికరణము వారు రాష్ట్రపతియొక్కయో గవర్నరుయొక్కయో యిష్టానుసారముగా పదవియం దుందురని చెప్పుచున్నది. వెంటనే 311వ అధికరణ మా యిష్టమునకు కళ్ళెము వేయుచున్నది. ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, తన పక్షము చెప్పుకొనుటకు తగిన యవకాశ మొసగక, సాధారణముగా నెవనిని పదవినుండి తొలగింపరాదు. ఈ రక్షణ లేనిచో గుమాస్తా ప్రతి యెన్నిక తరువాతను తన కుర్చీని గూర్చి భయపడుచుండును. భయపడువాడు నియమము చూడడు, ముఖము చూచును.

3. అమెరికా దేశపు పద్ధతి

మన జిల్లానుండి యమెరికాకు వెళ్ళినవారి కుటుంబములు పెక్కు గలవు గనుక, ఆ దేశపు పద్ధతితో పోల్చి చూచుట మేలు. అచ్చట ప్రధానమంత్రి లేడు. కార్యనిర్వాహకాధికారమంతయు అధ్యక్షునిదే. నాలుగేండ్ల కొకసారి యెన్నికయై, శాఖాధిపతులను సెనేటు సమ్మతితో తానే నియమించుకొనును.

ఆ దేశమున నొకప్పుడు క్రొత్త అధ్యక్షుడు వచ్చినంతనే తపాలా గుమాస్తాలు మొదలుగా పాతవారిని తీసివేసి తన పక్షమువారికి కొలువు లిచ్చుట వాడుక. 1881లో గార్‌ఫీల్డు అను అధ్యక్షుని, తనకు కొలువు దొరకలేదని కినుక వహించిన గిటో అనువాడు తుపాకితో కాల్చెను. ఆ గాయముచే నా సెప్టెంబరులో అధ్యక్షుడు మరణించెను. ఆ దుఃఖమునుండి 1883వ సంవత్సరపు పెండిల్టన్ చట్టము పుట్టెను. కొన్ని కొలువులు పరీక్షచేతనే యీయవలెనని యది విధించెను. క్రమముగా నా నియమము పెక్కు కొలువులకు వ్యాపించెను.

నేటికిని అచ్చటి యధ్యక్షుని చేవ్రాలు బలము గొప్పది. 2025 సెప్టెంబరు 19వ తేదీన, హెచ్-1బి వీసాపై విదేశీయులను క్రొత్తగా తెచ్చుకొను యజమానులు లక్ష డాలర్లు చెల్లింపవలెనని యధ్యక్షు డొక ప్రకటన జారీచేసెను. ఆ రాత్రి తెలుగువారి యిండ్ల నెందరో నిద్ర లేక గడిపిరి. ఇదివరకే వీసా యున్నవారికిది వర్తింపదనియు, క్రొత్త యర్జీలకు మాత్రమే యనియు మరునాడు వలసశాఖ కార్యాలయమువారు వివరణ పంపిరి. అధ్యక్షు డొక మాట పలికినను, అది యెవనికి వర్తించును, ఎవనికి వర్తింపదు అని వివరించి చెప్పినది యుద్యోగి వర్గమే. అచ్చటనైనను ఇచ్చటనైనను యధికారము కార్యాలయములగుండనే ప్రజలను చేరునని దీనివలన తెలియుచున్నది.

4. ముల్కీ నిబంధనలు మొదలు ఆరుసూత్రముల వరకు

ఇక మన యుత్తరువు సంగతికి వత్తము. మన నిజామాబాదు జిల్లా 1948 వరకు నిజాము ప్రభువు ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యమున నుండెను. బయటినుండి వచ్చినవారు పెద్ద కొలువులలో నిండిపోవుచున్నారను మొర యా రాజ్యమున బహుకాలముగా నుండుటచే, 1919లో నిజాము ఫర్మానా వెలువడెను. ముల్కీ యనగా దేశీయుడైనవానికే కొలువీయవలెనని దాని సారము. ఆ రాజ్యమున పుట్టినవారును, పదునైదేండ్లు స్థిరముగా నివసించినవారును ముల్కీలని లెక్కింపబడిరి.

1956 నవంబరు 1వ తేదీన తెలంగాణము ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ మేర్పడెను. ఇచ్చటివారి కొలువులకు రక్షణగా 1957లో పార్లమెంటు నివాసమునకు సంబంధించిన యొక చట్టము చేసెను. అయితే రాజ్యాంగపు 16వ అధికరణము పుట్టిన చోటును బట్టియు నివాసమును బట్టియు ప్రభుత్వోద్యోగములలో భేదము చూపరాదని చెప్పుచున్నది. పార్లమెంటు చట్టము చేసి నివాస నియమము పెట్టవచ్చునని యొక మినహాయింపు గలదు. ఆ మినహాయింపు రాష్ట్రమంతటికిని వర్తించునే గాని రాష్ట్రములోని యొక భాగమునకు వర్తింపదని 1969 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, తెలంగాణమునకు సంబంధించిన నియమమును కొట్టివేసెను. ఆ యేడు తెలంగాణ మంతట విద్యార్థులు వీథులలోనికి వచ్చి ప్రత్యేక రాష్ట్రము కోరిరి. పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి.

1972 అక్టోబరులో సుప్రీంకోర్టు వేరొక వ్యాజ్యమున పాత ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పెను. అంతట ఆంధ్ర ప్రాంతమున జై ఆంధ్ర ఉద్యమము రేగెను. 1973 జనవరిలో రాష్ట్రమున రాష్ట్రపతి పాలన విధింపబడెను. ఇదియు రాష్ట్రపతి యధికారమే. 356వ అధికరణము క్రిందిది. నాటి రాష్ట్రపతి వి. వి. గిరిగారు తెలుగువారు. ఆ పాలన డిసెంబరు వరకు సాగెను. 1973 సెప్టెంబరు 21వ తేదీన ఇరుప్రాంతముల నాయకులును ఆరుసూత్రముల పథకమున కంగీకరించిరి. ముల్కీ నిబంధనలు తొలగిపోవలెననియు, వాని స్థానమున రాష్ట్రమంతటికిని జిల్లాలను బట్టియు మండలములను బట్టియు స్థానికులకు ప్రాధాన్య మీయవలెననియు అందలి ముఖ్యాంశము.

5. 371-డి అధికరణము, 1975వ సంవత్సరపు ఉత్తరువు

ఆ యొప్పందమునకు రాజ్యాంగబలము గావలెను. 32వ సవరణచే 371-డి యను క్రొత్త యధికరణము చేర్చబడి, 1974 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. ఇది మన పాఠమునకు జీవము వంటిది. సాధారణముగా రాష్ట్రోద్యోగులను గూర్చి రాష్ట్రప్రభుత్వమే నిర్ణయించును. రాష్ట్రపతి జోక్యము కల్పించుకొనడు. ఈ యధికరణము మాత్రము, రాష్ట్రములోని వేర్వేరు ప్రాంతములవారికి ప్రభుత్వోద్యోగములందును విద్యయందును సమమైన యవకాశము గల్పించుటకై రాష్ట్రపతి యుత్తరువు చేయవచ్చునని చెప్పుచున్నది. కొలువులను స్థానిక కేడరులుగా విభజింపుమని రాష్ట్రప్రభుత్వమును ఆదేశింపవచ్చును. ఆ యుత్తరువునకు రాజ్యాంగములోని యితర నియమము లడ్డురావు. రాష్ట్రశాసనసభయు దానిని మార్చజాలదు. పట్టణములోని గుమాస్తా కొలువు కూడ రాష్ట్రపతి యుత్తరువు క్రిందికి వచ్చుట యపూర్వము.

1975 అక్టోబరు 18వ తేదీన, ఫక్రుద్దీన్ అలీ అహమ్మదుగారు రాష్ట్రపతిగా నున్నప్పుడు, ఆ యుత్తరువు వెలువడెను. రాష్ట్రము ఆరు జోనులుగా విభజింపబడెను. మన నిజామాబాదు, హైదరాబాదు మెదకు మహబూబునగరము నల్లగొండ జిల్లాలతోగూడ ఆరవ జోనున జేరెను. జిల్లా స్థాయి గుమాస్తా కొలువులు నూటికి 80, దానిపై జోను స్థాయి కొలువులు నూటికి 70, పేర్కొనబడిన కొన్ని గెజిటెడు కొలువులు నూటికి 60 స్థానికులకు ప్రత్యేకింపబడెను. సచివాలయము, శాఖాధిపతుల కార్యాలయములు, పెద్ద ప్రాజెక్టులు మినహాయింపబడెను.

స్థానికు డెవడు? ఈ ప్రశ్నకు ఉత్తరువిచ్చిన జవాబు గమనింపదగినది. తండ్రి యెచ్చట పుట్టెనని యది యడుగలేదు. మెట్రిక్యులేషనుతో ముగియు నాలుగేండ్లు వరుసగా నే ప్రాంతపు బడిలో చదివెనని యడిగెను. అట్లు కుదరనిచో చివరి యేడేండ్లలో నెక్కువ కాలము చదివిన చోటు చూచెను. బడికి పోనివానికి మాత్రము నివాసము చూచెను. నిజాంసాగరు నీరు పారిన పిదప వర్ని, బోధను, కోటగిరి ప్రాంతములకు కోస్తా జిల్లాలనుండి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. వారి మనుమలు బోధను బడిలో మన పిల్లల ప్రక్కనే కూర్చుండి చదివిరి. ముల్కీ నిబంధన పుట్టుకను, పదునైదేండ్ల కాపురమును లెక్కించెను. ఈ యుత్తరువు బడిబల్లను లెక్కించెను. తగవు లెన్నియున్నను, ఈ మార్పు గొప్పదని మా యభిప్రాయము.

6. కాగితముమీది యుత్తరువును కార్యాలయపు ఆచరణమును

ఉత్తరువు వెలువడుట యొకటి, అది నెరవేరుట మరియొకటి. స్థానికేతరులు నియమమునకు మించి ఐదవ, ఆరవ జోనులలో చేరిరని తెలంగాణ ఉద్యోగసంఘములు మొరపెట్టుచుండెను. పది సంవత్సరముల తరువాత, 1985 డిసెంబరు 30వ తేదీన, రాష్ట్రప్రభుత్వము 610వ సంఖ్యగల జీ.వో. జారీచేసెను. నియమమునకు విరుద్ధముగా వచ్చినవారిని వారి జోనులకు పంపవలెననియు, అవసరమైనచో వారికై యదనపు పదవులు గల్పింపవలెననియు దాని యాజ్ఞ. ఎవనినిగాని కొలువునుండి వెడలగొట్టుమని యందు లేదు. అదియు పూర్తిగా నెరవేరలేదను మొర యణగలేదు. 2001లో గిర్‌గ్లానీ ఏకసభ్య సంఘ మీ విషయమును విచారించుటకు నియమింపబడెను. ఒకసారి చేసిన యాజ్ఞ నెరవేరెనా లేదా యని కనుగొనుటకు పాతికేండ్ల పిమ్మట నొక సంఘము గావలసివచ్చెను!

ఇందు నేర్వవలసిన దేమనగా, ఉద్యోగి వర్గపు బలము ఆజ్ఞ యిచ్చుటలో లేదు. దానిని ఆచరించుటలోను ఆలసించుటలోను గలదు. ఒక నియామకపు పట్టికను సరిచూచు గుమాస్తా శ్రద్ధవహించినచో రాష్ట్రపతి మాట నిలుచును. అతడు కన్నుమూసికొన్నచో అది గెజిట్టులోనే యుండిపోవును.

న్యాయస్థానపు పాత్రయు జూడుడు. 371-డి క్రింద ఉద్యోగుల వ్యాజ్యములకై యొక పరిపాలనా ట్రిబ్యునలు ఏర్పడెను. అది యిచ్చిన తీర్పును రాష్ట్రప్రభుత్వము మార్చవచ్చును లేదా రద్దు చేయవచ్చునని యందు 5వ ఖండము చెప్పెను. వ్యాజ్యములో నోడినవాడే తీర్పును దిద్దుకొనుట న్యాయమా? సాంబమూర్తి వ్యాజ్యమున 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఖండమును చెల్లదని కొట్టివేసెను. రాజ్యాంగ సవరణచే వచ్చిన మాటయైనను, ధర్మపాలనకు విరుద్ధమైనచో నిలువదని తేలెను.

7. 2018వ సంవత్సరపు క్రొత్త యుత్తరువు

2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మేర్పడెను. 371-డి రెండు రాష్ట్రములకును వర్తించునట్లు పునర్విభజన చట్టము సవరించెను. 2016 అక్టోబరు 11వ తేదీన పాత పది జిల్లాలు ముప్పదియొకటి యయ్యెను. కామారెడ్డి మన జిల్లానుండి వేరుపడెను. జిల్లాలు మారుటచే పాత జోనులు సరిపడక పోయెను. రాష్ట్రప్రభుత్వము కోరగా, కేంద్ర హోంశాఖ పరిశీలింపగా, 2018 ఆగస్టులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవిందుగారి పేర క్రొత్త యుత్తరువు వెలువడెను.

ఇందు ఏడు జోనులు, రెండు మల్టీజోనులు గలవు. మన నిజామాబాదు, ఆదిలాబాదు నిర్మల జగిత్యాల జిల్లాలతోగూడ బాసర జోనున జేరెను. పూర్వము జోను స్థాయి కొలువుకై మన మెండోర పిల్లవాడు హైదరాబాదు నగరపు పిల్లవానితో పోటీపడవలసి యుండెను. ఇప్పుడు ఆ నగరము వేరు జోనున నున్నది. జిల్లా, జోను, మల్టీజోను కొలువులన్నింటను నూటికి 95 స్థానికులకు, 5 మాత్ర మందరికిని. జూనియర్ అసిస్టెంటు కొలువును, ప్రాథమిక పాఠశాలలోని సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని కొలువును జిల్లా కేడరులోనివి.

ఈ లెక్కకు రెండు వైపులు గలవని విద్యార్థులు గ్రహింపవలెను. మన జిల్లాలో నూరు కొలువులున్నచో 95 మనవి, మంచిదే. కాని యిరుగు జిల్లాలో నూరున్నచో మనకు 5 చోట్లలోనే, అందరితోపాటు, పోటీ. మనల కాచు గోడయే మనల నడ్డగించు గోడయు నగును.

మరియు 2021 డిసెంబరులో, ఉన్న యుద్యోగులను క్రొత్త జిల్లాలకు పంచుటకై 317వ సంఖ్యగల జీ.వో. వెలువడెను. పంపకము ముఖ్యముగా సర్వీసు పెద్దరికమును బట్టి జరిగెను. చిన్నవారు దూరపు జిల్లాలకు పోవలసి వచ్చెను. భార్య యొక చోటను భర్త మరియొక చోటను బడినవా రుండిరి. తమ స్థానికతను చూడలేదని యుపాధ్యాయులు వీథులకెక్కిరి, న్యాయస్థానములకు పోయిరి. ప్రతి పంక్తి వెనుక నొక సంసార మున్నదని యుత్తరువు వ్రాయువారు తలంపవలెను.

8. బడి రిజిస్టరులోని పంక్తి

ఇప్పుడు స్థానికతకు ఆధారము 1వ తరగతి మొదలు 7వ తరగతి వరకు గల చదువు. అందు కనీసము నాలుగేండ్లు చదివిన చోటు స్థానిక ప్రాంతముగా నెంచబడును. కావున రాష్ట్రపతి భవనమున బయలుదేరిన యధికారము హోంశాఖను, రాష్ట్ర సచివాలయమును, పబ్లిక్ సర్వీసు కమిషనును, కలెక్టరు కార్యాలయమును దాటి చివరకు మా యడ్మిషను రిజిస్టరునందలి యొక పంక్తిపై వ్రాలుచున్నది. ఆ పంక్తిని బట్టి మేము వ్రాసి యిచ్చు బోనఫైడు సర్టిఫికెట్టే యా పిల్లవాని సాక్ష్యము.

తల్లిదండ్రు లొక యుదాహరణమును చిత్తగింతురు గాక. ఒక బాలిక 1, 2, 3 తరగతులు మెండోరలో చదివెను. 4వ తరగతికి హైదరాబాదు హాస్టలులో చేర్చిరి. 7వ తరగతి వరకు అచ్చటనే యుండెను. తాత ముత్తాతలు మెండోరవారే, పొలము మెండోరలోనే, ఓటు మెండోరలోనే. ఆమె మాత్రము హైదరాబాదు స్థానికురాలు. పదునైదేండ్లు గడచి నిజామాబాదు జిల్లాలో గుమాస్తా కొలువునకు అర్జీ పెట్టుకొన్నప్పుడు, ఆమె యా 5 చోట్లలోనే పోటీపడవలెను. పట్టణపు బడికి పంపరాదని మేము చెప్పుట లేదు. ఏది కోరి యేది విడుచుచున్నారో తెలిసి పంపవలెనని చెప్పుచున్నాము. తండ్రి గల్ఫు దేశమున కూలికి పోగా, తల్లి బిడ్డలతో భివండికో బొంబాయికో పోవు కుటుంబములకు నీ మాట మరింత ముఖ్యము.

కొందరు చదువని బడినుండి చదివినట్లు కాగితము తెచ్చుకొనవచ్చునని తలంతురు. అది మోసము. దాని నష్టము ప్రభుత్వమునకు గాదు. నిజముగా నా బల్లపై నేడేండ్లు కూర్చున్న ప్రక్కింటి బిడ్డకు. ఆ బిడ్డకు చెందవలసిన చోటును మనము దొంగిలించుచున్నామన్నమాట. అట్టి కాగితముపై చేవ్రాలు చేయు నుపాధ్యాయుడు పాఠము చెప్పుట కర్హుడు గాడని మా నిశ్చయము.

కావున తల్లిదండ్రులు బిడ్డను చేర్చునప్పుడే పేరు, పుట్టినతేదీ, ఊరు సరిగా వ్రాయించి, బడి మారునప్పుడు ట్రాన్స్‌ఫరు సర్టిఫికెట్టు తీసికొని, ప్రతి బడినుండియు చదివిన తరగతుల ధ్రువపత్రమును భద్రపరచుకొనవలెను. తప్పున్నచో వెంటనే దిద్దించుకొనవలెను. కొలువు ప్రకటన వెలువడిన పిదప పరుగెత్తుటవలన ఫలము తక్కువ.

కేంద్రోద్యోగముల కీ యుత్తరువు వర్తింపదు. తపాలా, రైలు, కేంద్రశాఖలు, అఖిల భారత సర్వీసులు దేశమంతటి పిల్లలకును తెరచియున్నవి. మన పిల్లలు 95లోని చోటుతోనే తృప్తిపడక, ఆ పెద్ద పోటీకిని సిద్ధపడవలెను. స్థానికత తలుపు తెరచును. లోపల నిలుపునది విద్యయే.

విద్యార్థులారా! రాష్ట్రపతి యొక్కడే దేశమును నడపుననుటయు తప్పే. రాష్ట్రపతి వట్టి బొమ్మ యనుటయు తప్పే. రాజ్యాంగము పేరు నిచ్చును, మంత్రివర్గ మాలోచన నిచ్చును, ఉద్యోగి వర్గము చేతులనిచ్చును, న్యాయస్థానము హద్దు గీయును. మీలో కొందరు రేపు గుమాస్తాలు, తహసీల్దారులు, ఉపాధ్యాయులు కావచ్చును. అప్పుడు మీ బల్లమీదికి వచ్చు ప్రతి కాగితము వెనుక నొక మెండోర బిడ్డ నిలిచియున్నదని తలంచి, నియమము చూచి, సత్యము వ్రాసి, సకాలమున పంపుడు. రాష్ట్రపతి పేర వెలువడిన మాట నిలుచుటయు వమ్మగుటయు మీ చేతిలో నుండును.

అభ్యాస ప్రశ్నలు

1. రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాను ఎన్నిసార్లు త్రిప్పి పంపవచ్చును? ఏ సవరణచే?
2. పోస్టుమాను, తహసీల్దారు, కలెక్టరు, ఈ మువ్వురి నియామకములలోని భేదమును వ్రాయుము.
3. ముల్కీ నిబంధనకును 1975వ సంవత్సరపు ఉత్తరువునకును స్థానికుని నిర్ణయించుటలో గల భేద మేమి?
4. ఒక బాలుడు 1వ తరగతినుండి 5వ తరగతి వరకు మెండోరలోను, 6, 7 తరగతులు నిర్మలలోను చదివెను. 2018వ సంవత్సరపు ఉత్తరువు ప్రకారము అతడే జిల్లా స్థానికుడు? కారణము చెప్పుము.
5. నూటికి 95 స్థానికుల కుంచుటవలన మన జిల్లా పిల్లలకు గలుగు లాభ మొకటి, నష్ట మొకటి వివరింపుము.